పొట్టు సరే, పిండి సంగతేంటి? మా ఇంటి షెడ్డులో డస్ట్ కలెక్షన్ పెట్టిన అనుభవం

మాది రాజమండ్రి. ఇంటి వెనక రేకుల షెడ్డు, 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. అందులో టేబుల్ సా (బల్ల రంపం), 12 అంగుళాల ప్లేనర్ (చిత్రిక పట్టే మెషీన్), చిన్న బ్యాండ్ సా (పట్టీ రంపం), రూటర్ టేబుల్ (గాళ్లు కోసేది), చెక్క నున్నగా రుద్దే చేతి సాండర్లు రెండు. తలుపులు, మంచాలు, పూజా మందిరాలు చేస్తాం. కలప సగం అడితి నుంచి వచ్చే టేకు, సగం పడగొట్టిన పెంకుటిళ్ల దూలాలు, వాసాలు. కిచెన్ ఆర్డర్ వస్తే ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసే షీటు) కూడా కోయాల్సిందే. నాతోపాటు ఒక మేస్త్రి గారు ఉంటారు. ముప్పై అయిదేళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి, నాకు ఈ పని నేర్పింది ఆయనే.

ఈ షెడ్డులో పొట్టు లాగే సిస్టమ్ కుదరడానికి ఏడాదిన్నర పట్టింది, రెండుసార్లు బిగించి రెండుసార్లూ పీకేశాం. ఎక్కడ పొరపాటు పడ్డామో, ఏ కొలత తీసుకుంటే అది బయటపడిందో మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టే ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఎన్ని హెచ్‌పీ మోటార్ పెట్టాలి" అని. నేనూ అదే అడిగాను. ముందు అడగాల్సింది మెషీన్ దగ్గర గొట్టం నోరు ఎలా ఉంది, అక్కణ్నుంచి బ్లోయర్ (గాలిని లాగే మోటార్ ఫ్యాను) దాకా దారి ఎలా ఉంది అని.

అసలు దీనికి దిగింది ఒక కరెంటు పోయిన సాయంత్రం వల్ల. ఎండీఎఫ్ షీట్లు కోసి, పని ఆపేసి, టీ తాగి, ముప్పావు గంట తర్వాత ఏదో మర్చిపోయి టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. ఆ వెలుగు గీతలో పిండి అలాగే నిలబడి ఉంది. కిందికి దిగడం లేదు, మెల్లగా తిరుగుతోంది. నేను నడిస్తే నా వెనకే వస్తోంది. పగలు షెడ్డులో గాలి శుభ్రంగానే ఉందనుకునేవాణ్ని, ఎందుకంటే పగలు అది కనబడదు. ఇంట్లో అమ్మ మాత్రం రోజూ చెప్పేది, పొద్దున తుడిచిన వెండి కుందుల మీద సాయంత్రానికి మళ్లీ పొర కడుతోందని. మేస్త్రి గారు చీకటిపడేసరికి వరసగా పది తుమ్ములు తుమ్ముతారు, ముఖానికి తువ్వాలు కట్టుకున్నా సరే.

మనం పొట్టు అనేది ఒకటి కాదు. రంపం దగ్గర రాలే పొట్టు, ప్లేనర్ నుంచి వచ్చే తురుము బరువుగా ఉంటాయి, కింద పడతాయి, చీపురుకి వస్తాయి. వాటివల్ల జారిపడే ప్రమాదమే తప్ప ఊపిరికి పెద్ద ఇబ్బంది లేదు. సాండింగ్ చేసినప్పుడు, ఎండీఎఫ్ కోసినప్పుడు వచ్చేది పిండి. అందులో 10 మైక్రాన్ల కన్నా సన్నటిది గంటల తరబడి గాల్లో తేలుతుంది, ఇంకా సన్నటిది ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే చెక్క ధూళిని మొదటి గ్రూపులో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటి పక్కన. ముఖ్యంగా ముక్కు లోపల, దాని చుట్టూ ఉండే సైనస్‌లలో. ప్లైవుడ్, ఎండీఎఫ్ జిగురుల్లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను 2004లో అదే గ్రూపులోకి మార్చారు. టేకు పిండి కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు తెప్పిస్తుంది, మా షెడ్డులో నాకే మోచేతుల దగ్గర వచ్చేది.

యూరోపియన్ యూనియన్‌లో గట్టి కలప పిండికి పని చోట పెట్టిన పరిమితి 2023 నుంచి క్యూబిక్ మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. ఈ అంకె చూస్తే ఏమీ అర్థం కాదు కాబట్టి మా షెడ్డుకి లెక్క కట్టాను. పైకప్పు పదడుగుల ఎత్తు, మొత్తం గాలి దాదాపు 68 క్యూబిక్ మీటర్లు. అంటే షెడ్డు మొత్తం గాల్లో కలిపి 136 మిల్లీగ్రాముల పిండి తేలితే ఆ పరిమితి చేరిపోయినట్టే. కూరలో వేసే చిటికెడు ఉప్పు కూడా దీనికన్నా ఎక్కువే ఉంటుంది. ఒక్క తలుపు పలక సాండింగ్ చేస్తే ఎంత పిండి లేస్తుందో చేసినవాళ్లకి తెలుసు. ఈ లెక్క మేస్త్రి గారికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఎప్పుడు మొదలుపెడదాం బాబూ" అన్నారు.

మొదటి ప్రయత్నం వ్యాక్యూమ్ క్లీనర్. 1400 వాట్లది తెచ్చి సాండర్‌కి తగిలిస్తే బ్రహ్మాండంగా లాగింది. అదే గొట్టం టేబుల్ సాకి తగిలిస్తే పొట్టంతా కిందే. కారణం తర్వాత అర్థమైంది. వ్యాక్యూమ్‌కి పట్టు ఎక్కువ, గాలి తక్కువ. కొబ్బరిబోండంలో స్ట్రా పెట్టి లాగినట్టు, సన్నటి దారిలోంచి గట్టిగా లాగుతుంది కానీ లాగేది నిమిషానికి మూడు క్యూబిక్ మీటర్లకి అటూ ఇటూ. బ్లోయర్ తీరు దీనికి పూర్తిగా ఎదురు, గాలి బోలెడంత కదుపుతుంది, దారి కాస్త ఇరుకైతే చాలు చేతులెత్తేస్తుంది. సాండర్ గొట్టం సన్నం, దానికి పట్టు కావాలి. టేబుల్ సా పొట్ట పెద్దది, దానికి గాలి కావాలి. ఒకే మెషీన్‌తో రెండు పనులూ జరగవు. ఇది ముందే తెలిసి ఉంటే ఆరు నెలలు మిగిలేవి.

రెండో ప్రయత్నానికి 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ బ్లోయర్ కొన్నాను. కాగితం మీద నిమిషానికి 30 క్యూబిక్ మీటర్లు అని ఉంది. శానిటరీ షాపులో దొరికే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు, మలుపు వచ్చిన చోటల్లా టీ ఆకారపు నిటారు జాయింట్లు, చివర మెషీన్ల దాకా ముడతల గొట్టం 5 మీటర్లు, బ్లోయర్ బయటి నోటికి టైలర్ దగ్గర కుట్టించిన మందపాటి కాటన్ సంచి. స్విచ్ వేయగానే సంచి గుమ్మడికాయలా ఉబ్బింది, మాకు సంతోషం. మర్నాడు పొద్దున కిటికీలోంచి ఎండ పడుతున్నప్పుడు వేసి చూస్తే సంచి ఒళ్లంతా పొగ. పొట్టుని లోపల ఆపి, పిండిని మాత్రం జల్లెడ పట్టి సరిగ్గా మా ముక్కు ఎత్తులో షెడ్డంతా చల్లుతోంది. అంటే సిస్టమ్ లేనప్పటికన్నా అన్యాయం. మామూలు గుడ్డ సంచితో బ్లోయర్ పెట్టుకున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఒక్కసారి చీకట్లో టార్చి వేసి చూడండి.

సంచి తీసేసి పైపుని గోడ బయటికి పెట్టాం. నిజానికి మన వాతావరణంలో ఇదే తేలికైన దారి. చలి దేశాల్లో వెచ్చటి గాలి బయటికి పోతే హీటింగ్ ఖర్చు కాబట్టి వాళ్లు వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతారు, మనకి ఆ బెంగ లేదు. వెనక కొబ్బరితోటో ఖాళీ స్థలమో ఉంటే నేను కళ్లుమూసుకుని ఇదే చేయమంటాను. మాకు ఆరడుగుల సందు, ఆవతల పక్కింటివాళ్ల దండెం. నాలుగో రోజున పక్కింటి పిన్నిగారు గోడ మీంచి పిలిచి "బాబూ, ఈ చీరలు ఇవాళ రెండోసారి ఉతుక్కున్నాను" అన్నారు. తెల్ల చీర అంచు వేళ్లతో రుద్ది చూపించారు, వేళ్లకి టేకు రంగు అంటింది. ఆవిడకి ఆస్తమా కూడా ఉంది. ఆ సాయంత్రమే పీకేశాం.

అప్పుడు కొలవడం మొదలుపెట్టాను, నిజానికి మొదటి రోజే చేయాల్సిన పని అది. రెండు సాధనాలు చాలు. ఒకటి గాలి వేగం చూపించే చిన్న ఫ్యాను మీటర్. రెండోది తాపీ మేస్త్రులు వాడే లెవెల్ పైపు, ఆ పారదర్శకమైన సన్న గొట్టం. దాన్ని యూ ఆకారంలో పలక మీద బిగించి, ఇంకు కలిపిన నీళ్లు సగం దాకా పోసి, ఒక కొసని డస్ట్ పైపుకి వేసిన బెజ్జంలో పెడితే నీళ్లు ఒకవైపు పైకి లేస్తాయి. రెండు వైపుల నీటి మట్టాలకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటే అంత లాగుడు. వంద రూపాయల లోపు వస్తువు, నాకు బ్లోయర్ కాగితం కన్నా ఎక్కువ చెప్పింది.

బ్లోయర్ నోటి దగ్గర అన్ని గేట్లూ (ఒక్కో మెషీన్ పైపుని మూసే పలకలు) మూసి చూస్తే 200 మిల్లీమీటర్లు. అదే దాని గరిష్ఠం. టేబుల్ సా గేటు తెరిస్తే 175. గేటు తెరిచాక అంకె బాగా తగ్గాలి, తగ్గలేదంటే గాలికి దారి దొరకడం లేదన్నమాట, బ్లోయర్ శక్తంతా పైపుతో కుస్తీకే సరిపోతోంది. గొట్టం మూతి దగ్గర వేగం సెకనుకి 12 మీటర్లు. లెక్క కడితే నిమిషానికి 6 క్యూబిక్ మీటర్లు కూడా లేదు. కాగితం మీద 30, చేతికొచ్చింది 6 లోపు! ఆ 30 అనేది పైపూ సంచీ ఏమీ లేకుండా నోరు తెరిచి కొలిచిన అంకె.

ఇంకో విషయం, నెట్‌లో దొరికే అమెరికా ప్లాన్లు చూసి ఇంపెల్లర్ (బ్లోయర్ లోపల తిరిగే రెక్కల చక్రం) సైజు ఎంచుకునేవాళ్లకి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ ఈ రకం మోటార్ నిమిషానికి 3450 చుట్లు తిరుగుతుంది. మనది 50 హెర్ట్జ్, ఇక్కడ 2880. గాలి పరిమాణం చుట్లతోపాటే తగ్గుతుంది, లాగుడు చుట్ల వర్గంతో తగ్గుతుంది. అంటే అదే ఇంపెల్లర్ మన దగ్గర 83 శాతం గాలి, 70 శాతం లాగుడే ఇస్తుంది. వాళ్ల వీడియోలో పనిచేసిన పైపు లైను మన షెడ్డులో నీరసించిపోవడానికి ఇదొక కారణం, బ్లోయర్ తయారీదారుడిని అనడానికి లేదు.

మూడోసారి పైసా ఖర్చు పెట్టకముందే టేబుల్ సా పొట్ట చూశాను. కింద అన్నీ కంతలే. మోటార్ వంగే గాడి, వెనక తెరిచిన భాగం, పలకకీ స్టాండుకీ మధ్య సందులు. లాగే గాలంతా ఆ కంతల్లోంచి వస్తోంది తప్ప బ్లేడు పక్కనుంచి రావడం లేదు. అట్టముక్కలూ టేపూ పెట్టి మూసి, గాలి ముందువైపు నుంచి బ్లేడు మీదుగా లోపలికి వచ్చేలా ఒక్క దారే ఉంచాం. అదే బ్లోయర్, అవే పైపులు, కింద రాలే పొట్టు సగానికి సగం తగ్గింది. తర్వాత అట్టల బదులు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించాం. అయినా టేబుల్ సా పిండిలో చాలా భాగం బ్లేడు పళ్లు పైకి విసిరేదే, అది కింద లాగితే రాదు. బ్లేడు మీద పారదర్శకమైన గార్డు, దానికి 75 మిల్లీమీటర్ల గొట్టం పైనుంచి దించాం. ఎండీఎఫ్ కోసేటప్పుడు ముఖం మీదికి వచ్చే పిండి ఆ రోజుతో ఆగింది.

పైపు విషయంలో చాలామంది 6 అంగుళాలు, అంటే 160 మిల్లీమీటర్లది వేయమంటారు. 3 హెచ్‌పీ, 5 హెచ్‌పీ ఉంటే వేయొచ్చు. చెక్క పొట్టు పైపులో పేరుకోకుండా పోవాలంటే గాలి సెకనుకి 18 నుంచి 20 మీటర్ల వేగంతో పోవాలంటారు. మా బ్లోయర్ ఇచ్చే గాలిని 160లో పెడితే వేగం 13కి పడిపోతుంది, ప్లేనర్ తురుము అడుగున పరుచుకుంటుంది. 110 అయితే ఇరుకు. మధ్యలో 140 ఉంది, శానిటరీ షాపులో అడిగితే ఎప్పుడో గానీ ఉండదు, వ్యవసాయ పైపులు అమ్మే షాపులో దొరుకుతుంది, రైతులు మోటార్లకి వేసుకునేదే. లోపలి వ్యాసం దాదాపు 133 మిల్లీమీటర్లు. ఆ షాపుల్లోనే పైపుని వేడిచేసి వంచిన పొడుగాటి బెండ్లు కూడా ఉంటాయి, గాలికి అంతకన్నా మంచి మలుపు లేదు. టీలన్నీ తీసేసి 45 డిగ్రీల వై ఆకారపు జాయింట్లు వేశాం. ముడతల గొట్టం ఒక్కో మెషీన్‌కి అరమీటరు మించనివ్వలేదు, ఎందుకంటే ఆ ముడతలు నున్నటి పైపు కన్నా రెండు మూడు రెట్లు గాలిని ఆపుతాయి.

మారిన లైనుతో మెయిన్ పైపులో సెకనుకి 17 మీటర్లు వచ్చింది, నిమిషానికి 14 క్యూబిక్ మీటర్లు. మోటార్ అదే. చెప్పిన 18 కన్నా ఒక మీటరు తక్కువే, అయితే మాకు నిలువు పైపులు పొట్టివి. నెల తర్వాత ఒక జాయింటు ఊడదీసి చూస్తే లోపల గుప్పెడు తురుము కూడా లేదు.

సైక్లోన్, అంటే గాలిని గుండ్రంగా తిప్పి పొట్టుని కింది డ్రమ్ములో పడేసే కోన్ ఆకారపు డబ్బా, వెల్డింగ్ షాపులో జీఐ రేకుతో చేయించాం. బ్లోయర్‌కి ముందు పెట్టాం, తర్వాత కాదు. పాత దూలాల్లో ఎంత వెతికినా ఒక్కో మేకు మిగిలిపోతుంది, ముక్క తెగి పైపులోకి వస్తే అది ఇంపెల్లర్‌కి తగిలి నిప్పురవ్వ లేవకుండా ముందే డ్రమ్ములో పడాలి. డ్రమ్ము 200 లీటర్ల నీలం ప్లాస్టిక్‌ది. మొదటి రెండు వారాలు సైక్లోన్ అసలు పనిచేయలేదనే అనుకున్నాం, డ్రమ్ము ఖాళీ, పొట్టంతా ఫిల్టర్లోకే పోయింది. రేకు కొలతలు తప్పాయేమోనని వెల్డింగ్ షాపుకి మళ్లీ తీసుకెళ్లబోతుంటే మేస్త్రి గారు "ఆగండి బాబూ" అని అగరొత్తి వెలిగించి తెచ్చారు. బ్లోయర్ వేసి డ్రమ్ము మూత చుట్టూ మెల్లగా తిప్పారు. ఒకచోట పొగ గీత వంగి మూత కిందికి దూరిపోయింది. సన్నటి సందు, గోరు కూడా దూరదు. సైక్లోన్‌లో పొట్టు కిందికి దిగేది కోన్ చివర, అక్కడ కొంచెం గాలి కిందినుంచి లోపలికి వచ్చినా దిగేదాన్ని మళ్లీ పైకి లేపేస్తుంది. పాత సైకిల్ ట్యూబు కోసి మూత అంచున అంటించి, రింగు క్లాంపు బిగించాం. అప్పట్నుంచి డ్రమ్ము నిండుతోంది, ఫిల్టర్ కింద డబ్బాలో వారానికి రెండు గుప్పెళ్ల పిండి, అంతే.

ఫిల్టర్లకి మాత్రం డబ్బు చూసుకోకూడదు. ఫ్యాక్టరీలకి వాడే మడతల పాలిస్టర్ కార్ట్రిడ్జ్‌లు రెండు పెట్టాం, రెండూ విప్పి పరిస్తే దాదాపు 20 చదరపు మీటర్లు. గుడ్డ ఎంత ఎక్కువుంటే గాలి అంత నిదానంగా దాటుతుంది, పిండి అంత బాగా ఆగుతుంది. లెవెల్ పైపుని గోడకి శాశ్వతంగా బిగించి ఫిల్టర్ ముందు బెజ్జానికి కలిపేశాం. కొత్తలో 25 మిల్లీమీటర్లు చూపించింది. 60 దాటితే ఆరుబయటికి తీసుకెళ్లి, ఎన్95 మాస్కు పెట్టుకుని, శుభ్రంగా ఉన్న వైపు నుంచి గాలి కొట్టి దులుపుతాం.

కరెంటు సంగతి క్లుప్తంగా. 2 హెచ్‌పీ బ్లోయర్, టేబుల్ సా రెండూ ఒకేసారి నడవాలి, రెండూ కలిపి 4 కిలోవాట్ల దాకా లాగుతాయి. మా ఇంటి లోడు 3 కిలోవాట్లే ఉండేది, దరఖాస్తు పెట్టి 5 చేయించాం. షెడ్డుకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడి ఎంసీబీ, మంచి ఎర్తింగ్. ముందు బ్లోయర్, నాలుగైదు సెకన్లాగి రంపం, ఎందుకంటే స్టార్టింగ్‌లో మోటార్ అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. చలికాలం పొడిగాలికి పీవీసీ పైపు ముట్టుకుంటే చురుక్కుమనేది, సైక్లోన్‌కీ బ్లోయర్ బాడీకీ మెషీన్లకీ రాగి తీగ కలిపి ఎర్త్ చేశాక తగ్గింది. నిప్పు భయం ముఖ్యంగా డ్రమ్ము దగ్గర. మేకు తగిలిన రవ్వ పొట్టులో పడితే గంటల తరబడి లోపలే రాజుకోవచ్చు, అందుకే పాత కలప కోసిన రోజున ఎంత రాత్రయినా డ్రమ్ము షెడ్డు బయట పెట్టాకే తాళం వేస్తాం.

సాండర్లకి ఆ పాత వ్యాక్యూమే, మధ్యలో చిన్న ప్లాస్టిక్ సైక్లోన్ పెట్టి. సాండ్‌పేపర్ బదులు జాలీ డిస్కులు వాడుతున్నాం, వాటిలోంచి పిండి చాలావరకు లోపలికి పోతుంది.

ఫలితం చెప్పాలంటే మా దగ్గర ఉన్నది చవక పీఎం 2.5 మీటర్, గాల్లో 2.5 మైక్రాన్ల కన్నా సన్నటి పిండి ఎంతుందో చూపించేది. ఇలాంటివి చెక్క పిండిని కచ్చితంగా కొలవవు, కానీ ముందుకీ తర్వాతకీ పోల్చుకోవడానికి పనికొస్తాయి. మునుపు సాండింగ్ మొదలెట్టిన రెండు నిమిషాలకి క్యూబిక్ మీటరుకి 999 మైక్రోగ్రాముల దగ్గర ఆగిపోయేది, దాని పైన చూపించలేదు. ఇప్పుడు పది నిమిషాలు ఎండీఎఫ్ కోస్తే 35 నుంచి 90 దాకా వెళ్లి పావుగంటలో దిగుతోంది. మన దేశంలో 24 గంటల సగటుకి పెట్టిన పరిమితి 60. కాబట్టి మాస్కు తీయలేదు, సాండింగ్‌కీ ఎండీఎఫ్‌కీ ఇద్దరం పెట్టుకునే చేస్తాం. షెడ్డులో చీపురు, కంప్రెసర్‌తో ఊదడం రెండూ మానేశాం, ఊడిస్తే కూర్చున్న పిండి మళ్లీ లేస్తుంది. మేస్త్రి గారి సాయంత్రం తుమ్ములు బాగా తగ్గాయి. డాక్టరు దగ్గర ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేయించాం, ఏడాదికోసారి చేయిస్తాం.

రూటర్ టేబుల్ ఇంకా కుదరలేదు. ఫెన్స్ (చెక్కని ఆనించే అడ్డపలక) వెనక లాగితే పైన పిండి ఆగుతోంది, గాడి కోసేటప్పుడు మాత్రం కింద నుంచి కొడుతోంది. కింద పెట్టె కట్టి రెండో గొట్టం ఇవ్వాలి, ఈ నెల పని అది.

మేస్త్రి గారు ఇంటి దగ్గర కూడా ఒక చిన్న బ్యాండ్ సా పెట్టుకున్నారు, రాత్రిళ్లు బొమ్మల చక్రాలూ పీటలూ కోస్తారు, మనవరాలు అక్కడే కూర్చుని చూస్తుంది. మొన్న ఆదివారం వెళ్లి కొలతలు తీసుకొచ్చాం. అక్కడ లైను అక్కర్లేదు, ఒక్కటే మెషీన్. 1 హెచ్‌పీ బ్లోయర్ పక్కనే పెట్టి, ఒకటిన్నర మీటరు 110 పైపు చాలు, వెనక ఖాళీ స్థలం ఉంది కాబట్టి గాలి నేరుగా బయటికే. నోరు మాత్రం కింది చక్రం పెట్టెకి ఒకటి, బ్లేడు పలక కిందికి దిగే చోట ఒకటి, రెండు కావాలి. అట్టముక్కలతో ఆకారం ఆయనే కత్తిరించి ఇచ్చారు.